మా టేపమ్మ గుమ్మానికి ఓనరు

మా మరదలిని వీధిలో అందరూ టేపమ్మ అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు గొలుసు వేసుకోవడం మరిచిపోతుందేమో గాని టేపు మరిచిపోదు. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా కూర్చునే రకం కాదు నేను. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని మా పంతులుగారు నా పలక తీసుకెళ్ళి పై తరగతి వాళ్ళకు చూపించేవారు. తర్వాత పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డులో ఆయాగా చేరి, పెద్దాయాగా రిటైరయ్యాను. ఆ వార్డులో కట్లు మార్చేచోట తెర కట్టించింది నేను. "తెరలకి డబ్బు మంజూరు కాలేదమ్మా" అని పెద్ద డాక్టరుగారు అంటే, ఆయన గది కిటికీకున్న తెర విప్పి తెచ్చి కట్టాను. ఆయన వచ్చి చూసి వెళ్ళిపోయారు. ఇలాంటివి చాలా ఉన్నాయి. అవి చెప్పడం మొదలుపెడితే మా మరదలి కథ వెనకబడుతుంది.

మా తమ్ముడు బతికున్న రోజుల్లోనే ఆమె ముందు గదిలో మిషను పెట్టుకుంది. జాకెట్లు, గౌన్లు, పిల్లల బట్టలు కుట్టేది. అందరు దర్జీల్లో ఒకతె. ఆమెను అందరిలో ఒకతె కాకుండా చేసిన పని ఒకటుంది. అది మొదలైంది నా వల్లనే. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

మా వార్డులో రొమ్ము తీసేసిన ఒకామెను ఇంటికి పొమ్మన్నారు. ఆమె మంచం దిగలేదు. "ఇలా బయటికెలా వెళ్ళను పెద్దాయా, నడుస్తుంటే అందరికీ తెలిసిపోతుంది" అంది. నేను ఆమెను శాలువాలో చుట్టి నేరుగా మా మరదలి దగ్గరికి తీసుకొచ్చాను. మరదలు జాకెట్టు లోపల చిన్న సంచి కుట్టి దూది పెట్టింది. దూది తేలిక కదా, జాకెట్టు ఆ పక్క పైకి లేచిపోయింది. విప్పింది. దూది మధ్యలో పల్చటి గుడ్డలో ఆవాలు మూటకట్టి పెట్టి, చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకుని తూచింది. ఇంకొన్ని పోసింది. మళ్ళీ తూచింది. పొద్దుపోయేసరికి ఆ మనిషి అద్దం ముందు నిలబడి రెండు భుజాలూ సమంగా ఉన్నాయని చూసుకుని, శాలువా మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు. నేను పంపడం, ఆమె కుట్టడం. దాన్ని మేము లోపలి పని అనేవాళ్ళం. దానికి మరదలు పెట్టిన పద్ధతులు ఆసుపత్రిలో కూడా లేవు. లోపలి పని మీద వచ్చేవాళ్ళలో ఏ ఇద్దరూ ఎదురుపడకూడదు. ఒకరు వీధి మలుపు తిరిగాకే ఇంకొకరు రావాలి. పేరు రాయకూడదు, కొలత రాయకూడదు. టేపు అందరికీ, వీళ్ళకు మాత్రం దారం. ఒక్కొక్కరికి ఒక రంగు దారం తీసి, భుజం దగ్గర ఒక ముడి, చంక దగ్గర ఒక ముడి, అలా ఒంటి మీదే ముళ్ళు వేసి, చుట్టచుట్టి గుండీల డబ్బాలో పడేసేది. ఆ దారం ఎవరి చేతికి చిక్కినా దారమే. ఎవరి దారం రంగు వాళ్ళకు తెలుసు, మరదలికి తెలుసు. నాకు కూడా చెప్పదు.

ఇలా ఉండగా, ఒకరోజు వరండాలో పెట్టిన బట్టల మూటను ఎవరో ఎత్తుకుపోయారు. మిషను చప్పుడులో ఆమెకు వినపడలేదు. నేను వెనక గదిలో కునుకు తీస్తున్నాను. సంగతి తెలిసి మరదలి కొడుకు ఊరి అవతలి పక్కనుంచి బండేసుకుని వచ్చి, తలుపు పక్కన ఒక నల్లటి డబ్బా బిగించాడు. సబ్బుబిళ్ళంత ఉంది. పైన ఒక కన్ను, కింద ఒక మీట.

"ఇది వీడియో బెల్లు అత్తా" అన్నాడు నాతో. "ఎవరు గుమ్మం ముందుకొచ్చినా ఫోన్లో కనపడతారు. ఫోన్లోంచే మాట్లాడొచ్చు కూడా."

"ఎవరి ఫోన్లోరా?"

"అందరి ఫోన్లలో. నాకు, మా ఆవిడకి, అక్కకి, బావకి. బావ వాళ్ళన్నయ్య ఫోన్ల షాపులోనే కొన్నాను. సెట్టింగంతా ఆయనే చేసిచ్చాడు. ఆయనకీ వస్తుంది."

"మీ అమ్మకో?"

"అమ్మది మీటల ఫోను కదత్తా. అందులో రాదు."

మరదలు సూదిలో దారం ఎక్కిస్తూ, "అంటే నా గుమ్మం నాకు తప్ప ఊరందరికీ కనపడుతుందన్నమాట" అంది. వాడు నవ్వాడు. పప్పుబెల్లాలు పంచినట్టు అందరికీ పంచాడు గాని, ఇంటామెను అడగాలని వాడికి తోచలేదు.

అప్పటినుంచి మా గుమ్మానికి నోరొచ్చింది. బట్టలిచ్చి పోదామని వచ్చిన మనిషిని గోడ పలకరించేది. "ఎవరండీ? అమ్మ లోపలే ఉంది, గట్టిగా పిలవండి" అని ఆఫీసులో కూర్చున్న కూతురు. "ఇప్పుడు పడుకునుంటారు, సాయంత్రం రండి" అని అల్లుడు, అవతల మరదలు మిషను తొక్కుతూనే ఉన్నా. పాలు పోసే అతను మాతో మాట్లాడటం మానేసి బెల్లుకే నమస్కారం పెట్టి పోయేవాడు. పొద్దున లేస్తే ఫోన్లు.

"అమ్మా, నిన్న ఆకుపచ్చ బట్టలావిడ అంతసేపుంది, ఎవరు?"

"కొలతలకొచ్చింది."

"కొలతలకి అంతసేపా?"

"నీకు కొలతలు తీసుకున్నప్పుడు ఇంకా ఎక్కువసేపు పట్టేదే. ఒక్కచోట నిలబడి చచ్చేదానివి కాదు."

పిల్లలది ప్రేమ కాదని నేననను. కాని లోపలి పని మీద వచ్చేవాళ్ళు గొడుగు దించుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని రావడం మొదలుపెట్టారు. మరదలు ఒక ముక్క గుడ్డతో ఆ డబ్బాకు గుండీలున్న టోపీ కుట్టి తొడిగింది. పావుగంట కాలేదు, కొడుకు ఫోను. "అమ్మా, కెమెరాకి ఏదో అడ్డమొచ్చింది, చూడు." "చూసేదేముందిరా, అడ్డం పెట్టింది నేనే" అంది. సాయంత్రం వాడొచ్చి టోపీ తీసి, "నీకెలా చెప్తే అర్థమవుతుందమ్మా" అని విసుక్కుని వెళ్ళాడు. అప్పటికి ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు చాతకాదని నాకు తెలుసు, అందుకే నేను కనిపెట్టుకుని ఉన్నాను.

బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చునే ఒకావిడకు ఆ మధ్యే ఆపరేషన్ అయింది. ఆఫీసులో కడుపు ఆపరేషనని చెప్పి సెలవు పెట్టింది. ఆవిడను మా మరదలి దగ్గరికి పంపింది నేనే. మొదటి జాకెట్టు సిద్ధమైన రోజు తొడుక్కుని, గుమ్మం దిగుతూ మెట్టు మీద ఆగింది. తలవంచి తనను తాను చూసుకుంది. రెండు పక్కలా సమంగా ఉంది. అక్కడే నిలబడి ఏడ్చింది. అది బాధతో కాదు. వార్డులో అంతకాలం పనిచేసినదాన్ని, ఏ ఏడుపు ఏమిటో నాకు తెలుసు.

బెల్లు మాత్రం ఏడుపే చూసింది. చూసి అందరి ఫోన్లలోనూ టింగుమంది. అల్లుడి అన్న ఆ సమయానికి షాపులో ఉన్నాడు. ఎదురుగా ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన మనిషి అదే బస్టాండులో పనిచేసేవాడు. "ఈవిడ మీ కౌంటర్లో ఆవిడే కదూ? మా వాళ్ళ గుమ్మం ముందు ఏడుస్తోంది చూడండి" అని చూపించాడట. అతను చూశాడు. టేపమ్మ ఇల్లని తెలుసుకున్నాడు. వచ్చేవాళ్ళ పేర్లు బయటికి పోవు గాని, టేపమ్మ ఎలాంటివాళ్ళకు ఏం కుడుతుందో అతని ఇంట్లోవాళ్ళకు ముందే తెలుసు. ఇక చెప్పేదేముంది.

మర్నాడు ఆవిడ నాకు ఫోను చేసింది. గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది.

"పెద్దాయా, నా దారం తీసి కాల్చెయ్యమని చెప్పండి. మిగతా జాకెట్లు కుట్టొద్దనండి."

"ఏమైందమ్మా?"

"కౌంటర్లో నా మొహం ఎవరూ చూడట్లేదు. కిందికి చూస్తున్నారు."

నేను వెళ్ళి మరదలితో చెప్పాను. మిషను ఆపింది. గుండీల డబ్బా వైపు చూసింది గాని మూత తియ్యలేదు. "కాల్చను. అది ఆవిడ దారం. ఆవిడే వచ్చి నా చేతుల్లోంచి తీసుకోవాలి. రానివ్వకుండా చేసింది నా గుమ్మం. ముందు దాని సంగతి చూస్తాను" అంది.

ఆదివారం కొడుకునీ కూతురినీ రమ్మంది. కాఫీ ఇచ్చి, తాగేదాకా ఆగి, "మీరందరూ నా గుమ్మం మీదనుంచి లేవండి" అంది.

కొడుకు మొదలుపెట్టాడు. "అమ్మా, ఇంట్లో ఉండేది ఇద్దరు ముసలాళ్ళు. ఏదన్నా జరిగితే..."

"ముసలాళ్ళెవర్రా?" అన్నాను నేను.

"నిన్ను కాదత్తా."

"మరి ఇద్దరన్నావు?"

మరదలు మాకు అడ్డం వచ్చి జరిగింది చెప్పింది. ఆవిడ ఎవరో చెప్పలేదు, ఏ జబ్బో చెప్పలేదు. "నన్ను నమ్మి వచ్చిన మనిషి ఏడుపు బజారుకెక్కింది" అని మాత్రం చెప్పింది. కొడుకు మొహం దించుకున్నాడు. వెధవ మంచివాడే. ఫోను తీసి ఒక్కొక్కరినీ తీసెయ్యబోయాడు. కాసేపు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "ఇది ఒప్పుకోవట్లేదమ్మా. ఓనరు తప్ప ఇంకెవరూ తియ్యకూడదట" అన్నాడు.

"ఓనరు నువ్వు కాదా?"

"నేననే అనుకున్నా. షాపులో సెట్ చేసినప్పుడు ఆయన తన ఫోన్లోంచే చేశాడు. ఓనరని ఆయన పేరే ఉంది. మనమందరం ఆయన షేర్ చేస్తే చూస్తున్నవాళ్ళం."

మా తమ్ముడు కట్టిన ఇల్లు. ఆ గుమ్మానికి ఓనరు, ఎప్పుడో మా పిల్ల పెళ్ళి చూపులనాడు వచ్చి కూర్చుని పోయిన మనిషి.

కూతురు మెల్లగా అంది. "అమ్మా, మా బావగారితో పెట్టుకోకు. ఆ ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. రేపు నేను వాళ్ళ మధ్య తిరగాలి."

"తిరగాలి, నిజమే. ఆవిడ కూడా నలుగురి మధ్య తిరగాలి కదే."

"అయితే ఆ డబ్బా పీకి పారేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడు కొడుకు.

"పీకితే ఆయన పాడైందనుకుంటాడు. నేను వద్దన్నానని ఆయనకి తెలియాలి."

మర్నాడు పొద్దున్నే టేపు మెడలో వేసుకుని బయలుదేరింది. నేను ఊరుకుంటానా, చెప్పులేసుకున్నాను. షాపు తెరిచి ఉంది. అద్దాల బల్ల వెనక అల్లుడి అన్న లేచి నిలబడ్డాడు. మనిషి మర్యాదస్తుడు, అది కాదనను.

"రండి అత్తయ్యగారూ, రండి. కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"మీరు రోజూ వస్తూనే ఉన్నారు కదా బాబూ. ఆ బెల్లుకి ఓనరు మీరట. నాకు మార్చేయండి. మీతో పాటు అందరినీ తీసెయ్యండి."

ఆయన నవ్వాడు. "అదంతా మీ మంచికేనండీ. ఇప్పుడు కస్టమర్లున్నారు, తీరిగ్గా చూద్దాం."

"చూద్దాం. నాకూ తొందరేం లేదు" అని మరదలు ఒక స్టూలు లాక్కుని షాపు గుమ్మం పక్కన వేసుకుని కూర్చుంది.

"లోపల ఫ్యానుంది, లోపల కూర్చోండి అత్తయ్యగారూ."

"ఇక్కడే బాగుంది బాబూ. వచ్చేపోయేవాళ్ళు కనపడతారు."

మొదట ఒక కుర్రాడు వచ్చాడు. మెట్టెక్కుతుండగానే మరదలు అందుకుంది. "ఎవరబ్బాయ్ నువ్వు? ఏం పని మీద వచ్చావు?"

వాడు తడబడ్డాడు. "ఫోను... అద్దం పగిలింది."

"ఎలా పగిలింది? ఎవరి మీద విసిరావు?"

నేను కళ్ళజోడు సవరించుకుని, "నీలం చొక్కా. తల దువ్వుకోలేదు. మొన్న కూడా ఇటు వచ్చినట్టున్నాడు" అని గట్టిగా చెప్పాను. మొన్న నేను అక్కడ లేను. అయినా చెప్పాను. వాడు ఫోను జేబులో పెట్టుకుని, "తర్వాత వస్తానన్నా" అని దిగిపోయాడు.

తర్వాత ఒక పెద్దమనిషి. "ఎవరండీ? రెండు ఫోన్లున్నాయే మీ దగ్గర. ఒకటి ఇంట్లోవాళ్ళకి తెలిసిందేనా?" ఆయన మెడ ఎర్రబడింది. ఆ వెనకే వస్తున్న ఆడమనిషి మెట్టు మీదనుంచే మమ్మల్ని చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది. "పసుపు బట్టలు, చేతిలో సంచి, మొహం దిగులుగా ఉంది" అని నేను వినిపించాను. నా గొంతు వార్డు ఆ చివరిదాకా వినపడిన గొంతు.

ఆయన బల్ల దాటి ఇవతలికి వచ్చాడు. "ఏంటండీ ఇది? బేరాలు పోతున్నాయి. షాపుకొచ్చేవాళ్ళని పట్టుకుని ఇలా అడుగుతారా ఎవరైనా?"

"అంతా మీ మంచికే బాబూ. దొంగలు రాకుండా."

ఆయనకు అర్థమైంది. మొహంలో నవ్వు పోయింది. మరదలు లేవలేదు, గొంతు పెంచలేదు.

"ఆ బస్టాండు ఆవిడని మనుషులకి చూపించారే. ఆవిడ ఎందుకు ఏడ్చిందో మీకు తెలుసా?"

"తెలీదండీ. ఏదో కనపడింది, మామూలుగా అన్నాను."

"తెలీకుండానే చూపించారు. ఇప్పుడు నేను చెప్పను కూడా. అది మీ పని కాదు, మీ తమ్ముడి పని కాదు, నా పిల్లల పని కాదు. నా పని. ఆ ఫోను తియ్యండి."

ఆయన కాసేపు అటూఇటూ చూశాడు. నా వైపు చూసి, నేను చివరిదాకా కూర్చునే మనిషినని గ్రహించి ఉంటాడు. ఫోను తీశాడు. నొక్కుతూ, "మీ అమ్మాయి మొహం చూసి ఊరుకుంటున్నాను" అని గొణిగాడు.

"మా అమ్మాయి మొహం చూడకండి. నా మొహం చూడండి. మీతో మాట్లాడుతున్నది నేను."

ఆయన ఫోన్లోంచి మా గుమ్మం పోయింది. దాంతో పాటు అందరి ఫోన్లలోంచీ పోయింది, అప్పటిదాకా బెల్లు తీసి దాచిన బొమ్మలతో సహా. పోయిందని ఆయన చెబితే మరదలు ఊరుకోలేదు. చూపించమంది. చూపించాడు.

దాని ఫలితం కూతురికి తగిలింది. అత్తవారింట్లో కొన్నాళ్ళు ఆమెతో ముభావంగా ఉన్నారు. బావగారు ఆమె వడ్డిస్తే తినడం మానేశాడు. ఒక సాయంత్రం వచ్చి, "నీ పంతం నెగ్గింది, నాకే వచ్చిపడింది" అని తల్లి దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. మరదలు విని, "వడ్డించడం మానెయ్. ఆయనకి చేతులున్నాయి" అంది. కూతురు ఏడవబోయి నవ్వేసింది. అయినా వెళ్ళేటప్పుడు ఆమె మొహం తేటగా లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

కొడుకు తన పాత ఫోను తెచ్చి తల్లికిచ్చాడు. బెల్లును కొత్తగా అందులోకి ఎక్కించాడు. ఈసారి ఓనరు దగ్గర తల్లి పేరు కొట్టి, "యాక్సెస్ ఎవరెవరికి ఇవ్వాలమ్మా?" అని అడిగాడు. అడిగాడు, అది చాలు నాకు.

"ఎవరికీ వద్దు."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

"పోనీ అత్తకి?"

నేను కళ్ళజోడు సవరించుకున్నాను. ఇంత చేసినదాన్ని, నాకివ్వదా.

"వదినకి కూడా వద్దు" అంది మరదలు.

నాకు కోపమొచ్చింది, దాచను. "వీళ్ళందరినీ నీ దగ్గరికి పంపింది నేను. నాకే దాపరికమా?" అన్నాను.

"వదినా, వార్డులో తెర కట్టావు కదా. కట్టి దాని వెనక నువ్వే నిలబడి చూశావా?"

అంత మాటతో నా నోరు మూయించినవాళ్ళు ఇదివరకు లేరు. నా మరదలు కాబట్టి ఒప్పుకున్నాను.

టికెట్ల ఆవిడ ఫోను ఎత్తడం లేదు. నేను బస్టాండుకు వెళ్ళి క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆవిడ తలెత్తకుండా, "ఎక్కడికి?" అంది.

"ఎక్కడికీ కాదు. కబురు చెప్పడానికి వచ్చాను. ఆ గుమ్మం ఇప్పుడు ఆమె ఒక్కదానిదే. రావడం, రాకపోవడం నీ ఇష్టం."

వెనక ఎవరో, "టికెట్టు తీసుకోరా, జరగండమ్మా" అన్నారు. "నోరు మూసుకుని నిలబడు నాయనా, నేను నీకంటే ముందొచ్చాను" అన్నాను. ఆవిడ పెదవి మీద ఏదో కదిలింది. అంతే. వెనక్కి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళకు, మిట్టమధ్యాహ్నం, నేను వరండాలో బియ్యం ఏరుతుంటే ఆవిడ వీధిలో కనపడింది. గొడుగు లేదు. నేను లేచి, "వెనక సందులోంచి రామ్మా, అటు తలుపు తీస్తాను" అన్నాను.

"దొడ్డిదారిన నేనెందుకు రావాలి పెద్దాయా? నేనేం దొంగతనం చేశాను?" అని నేరుగా మెట్లెక్కి బెల్లు నొక్కింది. తలుపు తీసి ఉన్నా నొక్కింది.

లోపల కూర్చుని మంచినీళ్ళు తాగి తనే చెప్పింది. ముందురోజు కౌంటర్లో అందరూ టీ తాగుతుంటే, కప్పు బల్ల మీద పెట్టి, "నాకు ఒక రొమ్ము తీసేశారు. బతికున్నాను. ఇంకేమైనా అడగాలనుకునేవాళ్ళు క్యూలో రండి" అన్నదట.

"వచ్చారా?" అని అడిగింది మరదలు.

"ఒక్కరూ లేవలేదు. టీ చల్లారిపోయింది అందరిదీ."

మరదలు ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. "ఎవరెవరు చూస్తారో నువ్వే చూసుకో" అంది. ఆవిడ చూసింది. పెద్దాయా పేరు కూడా లేదే అన్నట్టు నా వైపు ఒకసారి చూసింది. నేను బియ్యం ఏరుకుంటున్నాను. ఫోన్లో ఆవిడ ఇప్పుడే మెట్లెక్కి వచ్చిన బొమ్మ ఉంది. ఎలా తియ్యాలో మరదలికి ఇంకా సరిగ్గా రాదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి వెతికారు. దొరికింది. "ఉంచుకుంటావా, తీసేస్తావా?" అని మరదలు అడిగింది. ఆవిడ తన బొమ్మను కాసేపు చూసుకుని, వేలు పెట్టి తీసేసింది.

తర్వాత ఇద్దరూ కొలతలు తీసే తెర వెనక్కి వెళ్ళారు. చాలాసేపు మాటలు వినపడ్డాయి, మధ్యలో నవ్వు కూడా. నేను వినలేదు. వినపడలేదని కాదు, వినలేదు.

ఆవిడ వెళ్ళాక మరదలు ఆవిడ మిగతా జాకెట్ల గుడ్డ తీసుకుని మిషను దగ్గర కూర్చుంది. కొడుకు ఫోను చేశాడు. స్పీకరు ఎలా ఆపాలో ఆమెకు తెలియదు కాబట్టి నాకూ వినపడింది.

"అమ్మా, ఎలా ఉన్నావు?"

"బాగున్నానురా."

"ఇవాళ ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు."

"ఎవరు?"

"నా దగ్గరికి పని మీద వచ్చినవాళ్ళు" అని చెప్పి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.